కొట్టం గుంజకు ఫోన్ల సంచి

ఆఫీసులో జ్వరమని చెప్పి బైకెక్కినవాణ్ణి, బోథ్ ఊరు దాటాక వానకు ఓ పల్లెలో ఆగిపోయాను. అక్కడ సిగ్నల్ పశువుల కొట్టం గుంజ దగ్గరే అందుతుంది. అందుకే వాడకట్టు ఫోన్లన్నీ దానికి వేలాడదీసిన సంచిలోనే ఉంటాయి. ఏది మోగినా దగ్గరున్నవాళ్లు ఎత్తి మాట్లాడతారు. నేను ఆగిన ఇంటి పెద్ద లచ్చవ్వ నా ఫోనూ అందులో వేసింది.

కాసేపు చెయ్యి ఫోన్ కోసం ఊరికే జేబులోకి పోతూనే ఉంది. తర్వాత పొయ్యి దగ్గర కాల్చిన మక్కకంకులు తింటూ, పిల్లల పొడుపుకథలకు ఓడిపోతూ, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. అప్పుడే లచ్చవ్వ లోపలికొచ్చింది.

“మీ సారు ఫోన్ చేసిండు బిడ్డా. జ్వరం తగ్గిందా అని అడిగిండు. జ్వరమేడిది, నాలుగో కంకి తింటుండు అని చెప్పిన.”

చేతిలోని కంకి కింద పెట్టేశాను. “సారేమన్నాడవ్వా?”

“కంకులు లేతయేనా అని అడిగిండు. తనకు గూడ నాలుగు తెమ్మన్నడు.”