నవువా దారిలో డైమ్లర్ కారు

నా చిన్నప్పుడు ఫిజీలో, సువా పక్కనున్న నసీనులో, మా మావయ్య ఇంటి వెనక, రేకుల షెడ్డులో, ఒక నల్లని డైమ్లర్ కారు ఉండేది. యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన బండి. అలాంటి కార్లలోనే అక్కడి రాజకుటుంబం తిరిగేదని మావయ్య చెప్పేవాడు. కలప వ్యాపారం చేసే ఒక ఇంగ్లీషాయన దాన్ని ఓడలో సువాకు తెప్పించుకున్నాడు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చాక తన దేశానికి వెళ్ళిపోతూ, సువాలో మందుల షాపు నడిపే మా మావయ్యకు ఇచ్చేశాడు. అప్పటికే తలుపుల లోపలి చెక్కను చెదలు తినేశాయి. పైన అల్యూమినియం రేకు మెరుస్తూనే ఉండేది గాని, వేలితో నొక్కితే లోపలికి పోయేది. మావయ్య ఆ చెక్కంతా తీసేసి, మా దేశపు దకువా కలపతో ఒక్కొక్క తలుపూ కొత్తగా కట్టుకుంటూ వచ్చాడు.

మా అమ్మ ఆయనకు చెల్లెలు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలంలో, జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. అసలు ఏమీ అనిపించలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాను. జడ వేస్తుంటే తల వంచాను. చాపల మీద కూర్చుని ఆడవాళ్ళు ఏడుస్తుంటే వాళ్ళ గాజుల రంగులు చూస్తూ ఉండిపోయాను. మా పెద్దమ్మ, అంటే అమ్మకూ మావయ్యకూ అక్క, అందరికీ వినబడేలా అంది.

"తల్లి పోయింది, దీనికి ఒక్క చుక్క నీళ్ళు రాలేదు. ఏకదమ్ పత్థర్, రాతి పిల్ల."

మావయ్య లేచి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి ఇంజన్ స్టార్టు చేశాడు. స్టీరింగు మధ్యలో ఒక చిన్న పిడి ఉంది.

"గేర్ నువ్వు పెట్టు బేటీ. రెండు."

పిడిని రెండు మీదకు జరిపాను. ఏమీ జరగలేదు.

"చెడిపోయిందా మామా?"

"నహీ. రెండు కావాలని బండికి చెప్పినావు, అంతే. నేను ఈ పెడల్ తొక్కి వదిలినప్పుడే గేర్ మారేది. అందాకా ఆ మాట లోపల పెట్టుకుని ఉంటది."

ఇంజన్‌కూ గేర్లకూ మధ్య రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా నూనెలో ఉంటాయనీ, ఒకటి తిరిగితే ఆ నూనె కదిలి రెండోదాన్ని తిప్పుతుందనీ, అవి ఒకదాన్నొకటి ఎన్నడూ తాకవనీ చెప్పాడు. ఆ వారమంతా సాయంత్రాలు అలాగే గడిచాయి. అమ్మ గురించి ఒక్క మాట లేదు. షెడ్డులో నా ముఖం వంక ఎవరూ చూడరు గనక అక్కడ నాకు తేలికగా ఉండేది.

అస్థికలు నవువా నదిలో కలపడానికి ఆ కారులోనే వెళ్ళాం. ఒక వెనక తలుపు ఇంకా పూర్తికాక తాడుతో కట్టి ఉంది. వెనక సీట్లో నాన్న, ఒళ్ళో ఇత్తడి చెంబు. పక్కన పెద్దమ్మ. ఎత్తు కనబడగానే నేను పిడి జరిపేదాన్ని. ఎక్కడం మొదలవగానే మావయ్య పెడల్ తొక్కేవాడు.

నాన్న మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చెంబు వంచాడు. బూడిద కాసేపు తేలి కొట్టుకుపోయింది. నేను నాన్న పంట్లానికి అంటిన బురద చూస్తున్నాను. పెద్దమ్మ నా భుజాలు పట్టుకుని కుదిపింది.

"ఇప్పుడైనా ఏడువు! అమ్మ వెళ్ళిపోతోంది."

మావయ్య మా మధ్యకు వచ్చాడు. ఆయన పెద్దమ్మకు ఎదురు చెప్పడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

"వదిలెయ్ అక్కా. లోపల ఉంది. వచ్చే టైముకు వస్తది, జల్దీ లేదు. నేను మాత్రం ఏడ్చినానా? నాకు చెల్లి కాదా?"

పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నా భుజాల మీది చేతులు మెల్లగా తీసేసింది.

కొన్ని నెలలకు ఆఖరి తలుపు బిగించిన రోజున మావయ్య దాన్ని ఒకసారి తెరిచి మూశాడు. మెత్తగా పడింది. ఆ వెంటనే ఫుట్‌బోర్డు మీద కూలబడి, పిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అన్ని తలుపులు అయినాక మీ అమ్మను తిప్పుతా అన్నాను. అది ఈ బండి ఎక్కనే లేదు."

నేను పక్కన కూర్చున్నాను. నాకు ఆ రోజు కూడా రాలేదు. మరో ఏడాదికి, బడికి వెళ్తున్న బస్సులో, ఎవరో తెలియని ఆవిడ నా కాలరు మడత సరిచేసింది. అంతే. సువా చేరేదాకా ఏడ్చాను.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. చావు జరిగిన ఇళ్ళకు తరచూ వెళ్ళాల్సివస్తుంది. అక్కడ కళ్ళు పొడిగా కూర్చున్నవాళ్ళు ఎవరైనా కనబడితే వెళ్ళి పక్కన కూర్చుంటాను. పిల్లి ఈనిందా, బస్సు టైముకు వస్తోందా, అలాంటివి అడుగుతాను. ఏడవమని మాత్రం అనను. ఇంకెవరైనా అనబోతే, టీ పెట్టమని వాళ్ళను వంటింట్లోకి పంపేస్తాను.