పెద్దన్నయ్య దగ్గరదారులు

మా పెద్దన్నయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా దగ్గరదారి. కారులో ఎక్కడికి బయల్దేరినా కొంత దూరం పోయాక వేగం తగ్గించి, కిటికీలోంచి తల బయటపెట్టి, వంటింటి వాసన పట్టినవాడిలా గాలి పీల్చి, "ఇక్కడో దగ్గరదారి ఉండాలిరా" అంటాడు. ఆ మాట చెవిన పడిందంటే ఆ రోజుకి మేం అనుకున్న చోటికి చేరమని అర్థం.

విచిత్రం ఏమిటంటే ఆయన పోస్ట్‌మ్యాన్. మా ఊళ్ళో ఏ సందు ఎక్కడ మొదలై ఏ గోడ దగ్గర ఆగిపోతుందో ఆయనకి తెలిసినంతగా మునిసిపాలిటీకి తెలియదు. ఇంటి నంబరు వానకి చెరిగిపోయిన ఉత్తరాన్ని కూడా చేతిరాత చూసి, ఇది టైలరుగారి అత్తగారు రాసింది అని తేల్చి, తిన్నగా వెళ్ళి టైలరు చేతిలో పెట్టి వస్తాడు. అలాంటి మనిషి ఏడాదికొకసారి మమ్మల్ని కారెక్కించుకోగానే తూర్పు పడమరలు మరిచిపోతాడు. సైకిలు తొక్కేటప్పుడు ఆయన బుర్ర పాదాల్లో ఉంటుందనీ, కారెక్కే తొందరలో దాన్ని చెప్పులతో పాటు గుమ్మం దగ్గరే వదిలేస్తాడనీ మా నడిపన్నయ్య సిద్ధాంతం.

మేం నలుగురం అన్నదమ్ములం. నడిపన్నయ్య గూడ్స్ యార్డులో సూపర్‌వైజరు. మనిషి తలుపంత ఉంటాడు, గొంతు ఇల్లంత ఉంటుంది. యార్డులో ఆయన ఆగమంటే లారీలతో పాటు గోడ అవతల వీధిలో పోయే సైకిళ్ళు కూడా ఆగుతాయి. చిన్నన్నయ్యకి మందుల షాపు ఉంది. ఎవరు తుమ్మినా ఆయన ముఖం వికసిస్తుంది, చెయ్యి జేబులోకి పోతుంది. ఆఖరివాణ్ణి నేను, బడిలో డ్రాయింగు మాస్టర్ని. పెళ్ళిళ్ళయి ఎవరి సంసారాల్లో వాళ్ళం పడ్డాక, ఏడాదికి ఒక్క ఆదివారమైనా భార్యాపిల్లలు లేకుండా ఉత్త అన్నదమ్ముల్లా గడపాలని పెద్దన్నయ్య నియమం పెట్టాడు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం చిన్నన్నయ్య తేల్చాడు. నది అవతల కొండల్లో ఒక జలపాతం ఉందనీ, దాని కింద ఒక్కసారి నిలబడితే ఆ తరవాత మాత్రల అవసరమే ఉండదనీ ఎవరో ఆయనకి చెప్పారట. మందులమ్ముకునే మనిషికి ఈ మాట ఎందుకంత నచ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. అది చూసేదాకా ఇంకో చోటి పేరెత్తొద్దన్నాడు.

మొదటి ఏడు దగ్గరదారి మమ్మల్ని ఒక ఇటుకల బట్టీలో దింపింది. బట్టీ యజమాని మమ్మల్ని చూసి, ఇటుకలు కొనడానికి నలుగురు పెద్దమనుషులు కారేసుకుని వచ్చారని పొంగిపోయి, కుర్చీలు వేయించి, మంచినీళ్ళిప్పించి, ఒక్కో ఇటుకనీ మోగించి చూపించాడు. అంత మర్యాద చేసినవాడికి జలపాతం కోసం వచ్చామని చెప్పడానికి మాకు నోరు రాలేదు. చిన్నన్నయ్య షాపు వెనక ఇప్పుడున్న ప్రహరీగోడ ఆ జలపాతమే.

ఇంకో ఏడు ఒక పొలంలో దారి అయిపోయింది. బురదలో దిగబడ్డ కారుని లాగడానికి వచ్చిన ట్రాక్టరతను ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. పెద్దన్నయ్య గంభీరంగా జలపాతానికి అన్నాడు. అతను నవ్వడం మొదలుపెట్టి, ఇంజనాపి నవ్వి, కిందికి దిగి నవ్వి, కాసేపు అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. మరో ఏడు ఏదో ఊరి ఆటల పోటీల మధ్యలోకి కారు తోలుకుపోయాం. అక్కడ తాడు లాగే ఆటకి పెద్దమనిషి ఎవరూ దొరకలేదట. నడిపన్నయ్య గొంతు విన్నారు, చేతికి ఈల ఇచ్చారు. సాయంత్రం దాకా ఆయన కారెక్కలేదు.

ఆ మాటకొస్తే నడిపన్నయ్య పెళ్ళిలోనూ ఇదే గోల. పెళ్ళికూతురిది నది అవతలి ఊరు. పెళ్ళికొడుకు ఉన్న కారు పెద్దన్నయ్య నడిపాడు, మిగతావాళ్ళం వెనక బస్సులో వెళ్ళాం. బస్సు చేరింది, బంధువులు చేరారు, బాజాలు మోగి మోగి అలిసిపోయాయి, పెళ్ళికొడుకు మాత్రం లేడు. మేం రెండో విడత కాఫీలు తాగి, అమ్మాయి తండ్రి ముఖం చూడలేక నేల చూస్తుంటే అప్పుడు వచ్చారు. ఎటునుంచి వచ్చారని అడిగితే, మధ్యలో ఒక చిన్న కాలవ దాటామన్నారు. అది ఆ నదేననీ, అంత ఎగువన ఇంకా నడక నేర్చుకుంటోందనీ తరవాత ఎవరో లెక్కగట్టి చెప్పారు. అందరూ పెద్దన్నయ్యని తలో మాటా అన్నారు. పెళ్ళికొడుకు మాత్రం ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. పెళ్ళి హడావుడిలో ఉన్నాడు కాబోలనుకున్నాం.

మామూలు రోజుల్లో ఆయన ఊరుకునే మనిషి కాదు. ప్రతి ఏడూ దగ్గరదారి మాట వినగానే వెనక సీటులోంచి యార్డు గొంతుతో అందుకునేవాడు. ఈ మనిషి చేతికి జనాల ఉత్తరాలు అప్పగించిన వాళ్ళని అనాలనీ, ఈయన వెనక నడిచినందుకు మా వదినకి బిరుదివ్వాలనీ తిట్టేవాడు. తిట్టి, కాలరు గుండీ వదులు చేసుకుని, భోజనం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, రాగం లేని పాట ఎత్తుకునేవాడు. అంత తిట్టే మనిషి వెనక్కి తిప్పమని ఒక్కసారైనా ఎందుకనలేదో మాకు తట్టలేదు. వదిన మాత్రం ఏటా రెండు పూటల భోజనం సర్దిచ్చి, గుమ్మంలో నిలబడి నవ్వేది.

ఫోనులో దారి చూపించే గొంతులు వచ్చాక నేను బతికిపోయాననుకున్నాను. అది కుడికి తిరగమంటే పెద్దన్నయ్య ఎడమకి తిప్పేవాడు. ఆ అమ్మాయి ఎప్పుడైనా ఈ దారిలో కాలు పెట్టిందా అని నన్నే అడిగేవాడు. ఆమె ఎంతో ఓపికగా వెనక్కి తిరగమని బతిమాలి బతిమాలి, చివరికి తనే నోరు మూసుకునేది. ఆమె ఓటమికి నడిపన్నయ్య చప్పట్లు కొట్టేవాడు.

అలా ఉండగా మొన్న పెద్దన్నయ్య సైకిలు దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి దాకా పిండికట్టు వేశారు. ఆదివారం దగ్గరపడింది. కారు నేను నడుపుతాననీ, ఫోను చెప్పిన దారినే పోదామనీ అన్నాను. చిన్నన్నయ్యకి పండగలా ఉంది. నడిపన్నయ్యకి మాత్రం ఆ సాయంత్రమే జలుబు చేసింది. మర్నాడు యార్డులో తనిఖీ అన్నాడు. ఆ తరవాత నడుం పట్టేసిందన్నాడు. చిన్నన్నయ్య ఒక్కోదానికీ ఒక్కో మాత్ర ఇచ్చి, ఇక సాకులు లేవని తేల్చాడు. ఇంట్లో పడుకోమన్నా వినకుండా పెద్దన్నయ్య కూడా చంకలో కర్రతో వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. ఆయన లేకుండా మేం వెళ్తే దారి తప్పుతామట.

రోడ్డు అద్దంలా ఉంది. ఫోనులో అమ్మాయి సంతోషంగా మాట్లాడుతోంది. పెద్దన్నయ్య మాత్రం కూర్చున్న చోట కుదురుగా లేడు. ఎడమ వైపు ఒక మంచి దారి ఉందన్నాడు. నేను తిప్పలేదు. కట్టులో చీమ దూరిందన్నాడు. కారు ఆపి చూస్తే చీమ లేదు. ఇంకాస్త దూరం పోయాక ముందు రోడ్డు తవ్వేశారని ఎవరో చెప్పారన్నాడు. ఎవరు చెప్పారంటే తలగోక్కున్నాడు. చివరికి కర్ర ఇంట్లో మర్చిపోయాననీ, వెనక్కి తిప్పమనీ అన్నాడు. కర్ర ఆయన చేతిలోనే ఉంది.

మలుపు తిరిగేసరికి వంతెన వచ్చింది. పొడుగాటి వంతెన, పొట్టి రెయిలింగు, కింద నిండా పారుతున్న నది. అంత అందమైన చోటిని ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగామే అనుకుంటున్నాను, అంతలో వెనకనుంచి ఎవరిదో సన్నటి గొంతు వినిపించింది.

"ఒరేయ్, బండి ఆపు."

నడిపన్నయ్య గొంతు అంత చిన్నగా రాగలదని నాకు తెలియదు. ఆపాను. ఆయన దిగి, గబగబా వెనక్కి నడిచి, నదికి వీపు పెట్టి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది. చిన్నన్నయ్య జేబులోంచి మాత్రలు తీసి ఏది కావాలో తెలియక అరచేతిలో పరుచుకుని నిలబడ్డాడు.

"మాత్రలొద్దురా" అన్నాడు నడిపన్నయ్య. "మీరు వెళ్ళి రండి. నేనిక్కడే కూచుంటా. వంతెనలు నా వల్ల కాదు. కింద నీళ్ళు కదుల్తూ కనిపిస్తే నా కాళ్ళు నావి కావు. చిన్నప్పట్నుంచీ అంతే."

మేమెవ్వరం నవ్వలేదు. ఆయనే తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నేల చూస్తూ నవ్వాడు.

"ఏటా మనం బయల్దేరే ముందు దణ్ణం పెట్టుకునేవాణ్ణి, ఈసారి కూడా అన్నయ్య దారి తప్పాలి దేవుడా అని. పాపం, ఒక్కసారి కూడా నాకు అన్యాయం చేయలేదు."

నేనూ చిన్నన్నయ్యా ఒక్కసారే పెద్దన్నయ్య వైపు తిరిగాం. ఆయన కారు తలుపు పట్టుకుని దిగి, కర్రకి అంటని దుమ్ముని శ్రద్ధగా దులుపుతున్నాడు.

"అన్నయ్యా, నీకు ముందే తెలుసా?" అన్నాడు చిన్నన్నయ్య.

"నాకేం తెలుసు?" అన్నాడు పెద్దన్నయ్య. ఆయనకి అబద్ధం ఆడ్డం రాదు. చీమ విషయంలోనే తేలిపోయింది. మేం చూపు తిప్పకపోయేసరికి ఒప్పుకున్నాడు. నేనింకా పుట్టలేదట, చిన్నన్నయ్య ఉయ్యాలలో ఉన్నాడట. తనూ నడిపన్నయ్యా బడినుంచి వస్తూ చెక్కల వంతెన ఎక్కారు. మధ్యలో చెక్కల సందుల్లోంచి నీళ్ళు చూసి నడిపన్నయ్య కూలబడిపోయాడు. పెద్దన్నయ్య తమ్ముణ్ణి వీపున ఎక్కించుకుని ఒడ్డుకి తెచ్చాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు" అన్నాడు పెద్దన్నయ్య. "అంతే కదా."

"నువ్వు మర్చిపోయావనుకున్నా" అన్నాడు నడిపన్నయ్య. "ఇన్నేళ్ళూ నా మొక్కులు దేవుడికి చేరుతున్నాయనుకున్నాను. అన్నీ నీకే చేరాయన్నమాట."

"పోస్ట్‌మ్యాన్ని కదరా" అన్నాడు పెద్దన్నయ్య.

అప్పుడు నవ్వాం. నడిపన్నయ్య అందరికన్నా ముందు నవ్వాడు. నవ్వు తగ్గాక చిన్నన్నయ్య గొంతు సవరించుకుని, తనకి జలపాతాలంటే మొదట్నుంచీ పెద్ద ఇష్టం లేదనీ, ఇటుకల బట్టీయే బాగుంటుందనీ అన్నాడు. నేను కారు తిప్పడానికి తాళం తీశాను. పెద్దన్నయ్య మాత్రం వంతెన వైపు చూస్తూ, డాక్టరు రోజూ కాసేపు నడవమన్నాడనీ, ఇవాళ నడక కాలేదనీ అన్నాడు. ఈ రోడ్డు చదునుగా ఉందట. కర్ర ఒక్కటే చాలదట. మా ఇద్దరి భుజాలూ అందుకు పనికిరావట.

"నువ్వు కాస్త పట్టుకుంటావేంట్రా?" అని నడిపన్నయ్యని అడిగాడు.

నడిపన్నయ్య ముందు కర్ర వైపు, తరవాత పిండికట్టు వైపు చూశాడు. తరవాత లేచి వచ్చి, అన్న చంక కింద తన భుజం పెట్టాడు.

వంతెన మీద ఆ ఊరేగింపు ఎలా సాగిందో చెప్పాలి. అందరికన్నా ముందు చిన్నన్నయ్య, రెండు చేతులూ చాపి ఎదురొచ్చే బండ్లని పక్కకి తప్పిస్తూ. ఆ వెనక వాళ్ళిద్దరూ. వాళ్ళ వెనక తాబేలు నడకతో నా కారు. నడిపన్నయ్య కళ్ళు పిండికట్టు మీదే ఉన్నాయి. అది ఎక్కడ ఆనుతోందో చూడ్డమే తన ఉద్యోగం అన్నట్టు తల వంచుకుని నడిచాడు. పెద్దన్నయ్య ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో కరుస్తుందని రాసి పెడతారు గాని కుక్కే లేదో, అన్నీ చెప్పాడు. నది నడుమకి వచ్చేసరికి నడిపన్నయ్య మోకాళ్ళు వణకడం నాకు కారులోంచే కనిపించింది. వెంటనే పెద్దన్నయ్య తన కాలు నొప్పిగా ఉందనీ, కాసేపు ఆగుదామనీ అన్నాడు. ఆగారు. వణుకు తగ్గింది. పెద్దన్నయ్య కాలి నొప్పీ తగ్గింది.

నా వెనకనుంచి ఒక లారీ డ్రైవరు దిగివచ్చి, పాపం ఆ ఇద్దరిలో ఒంట్లో బాగోలేనిది ఎవరికని అడిగాడు.

అవతలి ఒడ్డున కాలు పెట్టగానే నడిపన్నయ్య వెనక్కి తిరిగి, దారి పొడుగునా హారను కొట్టిన ఆ లారీని యార్డు గొంతుతో కడిగేశాడు. చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. మాకు ప్రాణం కుదుటపడింది.

ఇక జలపాతం. కొండ మీద ఎవరో కూర్చుని, నీళ్ళకి కరువొచ్చినట్టు చెంబుతో పొదుపుగా పోస్తున్నంత ధార. చిన్నన్నయ్య దాని కిందా మీదా చూసి, ఇది దారి చూపించే చిన్న జలపాతం అయ్యుంటుందనీ, అసలుది లోపల ఉంటుందనీ అన్నాడు. లోపల రాయి ఉంది. ఆయన ముఖం చూసి మొదట నడిపన్నయ్యకి నవ్వొచ్చింది, తరవాత మా అందరికీ. పెద్దన్నయ్య కట్టు తడవకుండా చిన్నన్నయ్య షాపు ప్లాస్టిక్ సంచి చుట్టి, ఒకళ్ళ తరవాత ఒకళ్ళం ఆ ధార కింద నిలబడి, తల తడిసేదాకా ఓపిక పట్టాం. వదిన సర్దిన రెండు పూటల భోజనం ఒక్క పూటలో తినేశాం.

తిరుగు ప్రయాణంలో వెనక సీటులో పెద్దన్నయ్య కాలు చాపుకుని, నడిపన్నయ్య భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వంతెన దగ్గరికి వచ్చాక ఆపమంటావా అని నడిపన్నయ్యని మెల్లగా అడిగాను.

"వద్దు. పోనీ. కుదుపు లేకుండా పోనీ, అన్నయ్య లేస్తాడు" అన్నాడు గుసగుసగా. ముందు సీటు అంచుని ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో అన్న తల జారిపోకుండా పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

నేను అద్దంలో చూశాను. పెద్దన్నయ్య ఒక కన్ను తెరిచి, తమ్ముణ్ణి ఒకసారి చూసి, మళ్ళీ మూసుకుని, ఇందాకటి కన్నా గట్టిగా గురక మొదలుపెట్టాడు.