నాకు రావాల్సిన దెబ్బ

మా టెస్టింగ్ సార్ పోయారు. పోయిన సోమవారం పొద్దున, ఏడింటి బ్యాచ్‌కి షర్టు ఇస్త్రీ చేసుకుంటూ ఉండగా గుండె ఆగిపోయిందట. మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టులో ఉన్నప్పుడు నాకు మెసేజ్ వచ్చింది. పంపింది మా బ్యాచ్‌లో మూడో వరసలో కూర్చునే అమ్మాయి. లిఫ్టులో ఫోను పనిచేయదని అందరూ అంటారు, ఇలాంటి కబుర్లకు మాత్రం చక్కగా పనిచేస్తుంది. దిగాల్సిన అంతస్తు దాటి పైకి పోయి, క్యాంటీన్‌లో తేలి, ఎవరో వదిలేసిన ఇడ్లీ ప్లేటు ముందు చాలాసేపు నిలబడ్డాను. నన్ను చూసి క్యాంటీన్ అతను కారప్పొడి అయిపోయిందని సంజాయిషీ చెప్పుకున్నాడు.

పాఠకులారా, ఇలాంటి వ్యాసాల్లో పోయినవారిని పొగడాలని నాకు తెలుసు. పొగుడుతాను కూడా. దానికి ముందు ఒక్క విషయం రికార్డులోకి ఎక్కాలి. ఆయనంటే నాకు కుళ్ళు. ఆయన బతికుండగా ఉండేది, ఇప్పుడు ఇంకాస్త పెరిగింది. కారణం పెద్దదేం కాదు. న్యాయంగా నాకు రావాల్సిన ఒక లాఠీ దెబ్బని ఆయన పట్టుకుపోయారు.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడలు కనిపించేవి కావు, కోర్సుల బోర్డులే కనిపించేవి. పొద్దున్నే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి తడి జుట్లతో, చేతిలో జిరాక్స్ మెటీరియల్‌తో, బస్సులకి అడ్డంపడి మెయిన్ రోడ్డు దాటి, మూడో అంతస్తులో ఉన్న మా ఇన్‌స్టిట్యూట్‌కి ఎక్కేవాళ్లం. అక్కడ సార్ ఉండేవారు. ఇస్త్రీ నలగని తెల్ల షర్టు, జేబులో రెండు మార్కర్లు. వాటిలో ఒకటి ఎప్పుడూ ఎండిపోయినదే. పారెయ్యొచ్చు కదా సార్ అంటే, రాయదని మొన్న తెలిసింది, ఇవాళ కూడా రాయదో లేదో చూడాలి కదండీ అనేవారు. చూసేవారు కూడా.

అందరినీ మీరు అనే పిలిచేవారు. ఆటోవాళ్లనీ, ఆలస్యంగా వచ్చినవాళ్లనీ, హాజరు వేయించుకుని జారుకునే నన్నూ. "వెళ్లొస్తారా అండి?" అని ఆయన అడిగితే, తిట్టించుకున్నా బాగుండేదనిపించి వెనక్కి వచ్చి కూర్చునేవాడిని.

టెస్టింగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రాస్తారు. అది చెప్పినట్టు పనిచేస్తుందో లేదో చూసి, తప్పుంటే పట్టుకునేవాళ్లు టెస్టర్లు. ఆ తప్పుని బగ్గు అంటారు. సార్ రెండే సూత్రాలు చెప్పేవారు. మొదటిది, "అనుకున్నదేంటి, అయిందేంటి?" ఏదైనా సరే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమనేవారు. రెండోది, బగ్గు పట్టుకున్నవాడే బగ్గు మూయాలి. రాసినవాడు వచ్చి సరిచేశానంటే చాలదు, కనిపెట్టినవాడు మళ్లీ చూసుకుని సరే అనేదాకా అది తెరిచే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమీర్‌పేటలో అప్పట్లో లేని ఉద్యోగంలో మూడేళ్లు చేసినట్టు రెజ్యూమెలు వండి వడ్డించేవాళ్లు. మా వాళ్లు కొందరు ఆ వంటకం కోసం సార్ దగ్గరికి వెళ్లారు. ఆయన కోప్పడలేదు. "లేని ఎక్స్‌పీరియన్సు రాసుకుంటే, ఉన్నది ఎక్కడ పెట్టుకుంటారండి?" అని అడిగారట. మావాళ్లకి ఉన్నది లేదు గనక మెట్లు దిగొచ్చేశారు.

ఇక అసలు సంగతి. మూడో వరస అమ్మాయి మధురానగర్‌లో హాస్టల్లో ఉండేది. ఆమె రూమ్మేటు ఒకరోజు పొద్దున క్లాసుకొస్తూ, మేమందరం రోజూ దాటే చోటే రోడ్డు దాటుతుంటే బస్సు గుద్దింది. ప్రాణం దక్కింది గానీ కాలు నుజ్జయింది. అక్కడ సిగ్నల్ లేదు, చారల గీతల్లేవు. మా అర్జీలకి రసీదులు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆ అమ్మాయి, రేపు ఏడింటికి క్లాసు మానేసి ఫుట్‌పాత్ మీద కూర్చుందాం, సిగ్నల్ ఇచ్చేదాకా రోజూ కూర్చుందాం అంది. అందరం సరేనన్నాం. నేను ముందుగా అన్నాను, ఆమె పక్కన చోటు దొరుకుతుందని.

మర్నాడు కూర్చున్నాం. రోడ్డుకి అడ్డం లేదు, నినాదాలు కూడా మొహమాటంగానే ఇచ్చాం. కాసేపటికి సార్ దిగొచ్చారు. ఖాళీ క్లాసు చూసి చీవాట్లు పెట్టడానికి వచ్చారనుకున్నాం. అట్టముక్క మీద రాసింది చదివి, జేబులోంచి మార్కరు తీసి, ఒక అక్షరదోషం దిద్ది, ప్యాంటు కాస్త పైకి లాక్కుని మా మధ్య కూర్చున్నారు. సరిగ్గా నాకూ ఆ అమ్మాయికీ మధ్య. నా కుళ్ళుకి పునాది అక్కడ పడింది.

పోలీసు వ్యాన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి, "ఏం నడుస్తుంది గిక్కడ? పర్మిషన్ ఉందా?" అన్నాడు. మాలో సగం మంది పాస్‌పోర్టులకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లం. వెరిఫికేషన్‌కి పోలీసులే ఇంటికొస్తారు. స్టేషన్‌లో పేరెక్కితే పాస్‌పోర్టు రాదు, పాస్‌పోర్టు లేకపోతే కంపెనీ తరఫున అమెరికా వెళ్లే ఆన్‌సైట్ లేదు, ఆన్‌సైట్ లేకపోతే మేం అమీర్‌పేటకి వచ్చిందెందుకు?

అప్పుడు నేను లేచి, నా జీవితంలో అతి గొప్ప జోకు వేశాను. ధర్నా కాదు సార్, క్లాసు. కరెంటు పోయింది, ఇన్వర్టర్ చచ్చింది, మా సార్ గాలికి ఇక్కడ చెబుతున్నారు అన్నాను. కానిస్టేబుళ్లు నవ్వారు. ఇన్‌స్పెక్టర్ మీసం కింద ఏదో కదిలింది. "క్లాసా? జర ముందే చెప్పొద్దా? లేవుండ్రి మరి, లోపలికి పోండ్రి," అన్నాడు. దారి దొరికింది. సగంమంది లేచి ప్యాంట్లు దులుపుకుంటున్నారు. మూడో వరస అమ్మాయి నా వైపు చూస్తోంది. ఏ చూపో తేల్చుకునేలోపే సార్ లేచి నిలబడ్డారు.

"కాదండి. ఇది ధర్నానే. క్లాసు రేపు ఏడింటికి."

అంత మెల్లగా, ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పి, రోడ్డు దాటడానికి సిగ్నల్ అడుగుతున్నామని, దారి వదిలే కూర్చున్నామని వివరించి మళ్లీ కూర్చున్నారు. లేచినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నాను, ఒక్కడినే నిలబడితే బాగుండదని.

నవ్వి మోసపోయానన్న ఇన్‌స్పెక్టర్ కోపం మామూలు కోపం కంటే పెద్దదిలా ఉంది. విజిల్ మోగింది. లేవమని రెండోసారి చెప్పలేదు. కూర్చున్నవాళ్ల మీదికి లాఠీలు వచ్చాయి. ఒక లాఠీ నా తలకి గురిచూసుకుని, దానిపాటికది తిన్నగా వస్తోంది. నేను చూశాను, కాబట్టి గట్టిగా చెప్పగలను, అది నాదే. మధ్యలోకి తెల్ల చొక్కా చెయ్యి ఒకటి లేచింది. ఎండిన కొమ్మ విరిగిన చప్పుడైంది. సార్ కుడి మణికట్టు.

పంజాగుట్టలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. మా ఇన్‌స్టిట్యూట్ ఓనర్ పరుగెత్తుకొచ్చి, పోలీసులతో మనకెందుకు సార్, బండి మీంచి పడ్డానని రాయించండి, ఖర్చు నేను చూసుకుంటా అన్నాడు. డాక్టర్ కూడా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సార్ నొప్పితో కళ్లు మూసుకునే ఉన్నారు.

"లేని ఎక్స్‌పీరియన్సు నాకొద్దండి," అన్నారు. "లాఠీ అని రాయండి."

అక్కణ్నుంచి నాకు కష్టకాలం. ఆయన చేతికి పిండికట్టు, ఆ చేతికి ఊళ్లో ఉన్న మర్యాద అంతా. జ్యూస్ కొట్టు భాయ్ డబ్బులు తీసుకోడు. పక్క ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మెట్ల మీద దారి వదులుతారు. మూడో వరస అమ్మాయి రోజూ ఫ్లాస్కులో సూప్ తెస్తుంది, ఆయన చెబుతుంటే బోర్డు మీద తనే రాస్తుంది. ఇదంతా ఎవరికి రావాల్సింది? ఆ లాఠీ మీద అడ్రసు ఎవరిది? ఒకరోజు ఉండబట్టలేక, అందరూ పిండికట్టు మీద సంతకాలు పెడుతుంటే, నేను 'ఈ దెబ్బ నాది' అని రాసి సంతకం పెట్టాను. సార్ చెయ్యి తిప్పుకుని చదివారు.

"ఇది జోకా అండి, స్టేట్‌మెంటా?"

జోకే సార్ అన్నాను. ఆయన తల ఊపి, మీ పాస్‌పోర్టు రానివ్వండి ముందు అన్నారు. ఎందుకంటే అప్పటికే, కూర్చున్నవాళ్లని కొట్టారని ఆయన పోలీసు పైఅధికారులకి ఫిర్యాదు పెట్టారు. సాక్షిగా మూడో వరస అమ్మాయి పేరుంది. ఆమెకి ఆన్‌సైట్ అక్కర్లేదట. నా పేరు ఆయనే రానివ్వలేదు. దెబ్బ పోయింది, సాక్ష్యం కూడా ఆమెకే పోయింది. నాకు పాస్‌పోర్టు మిగిలింది.

ఆ రోజుల్లోనే ఆయన మీద నా ఫిర్యాదు కూడా చెప్పాను. నా జోకు పనిచేసింది కదా సార్, మీరు ఊరుకుంటే చెయ్యి ఉండేది కదా అన్నాను. ఆయన చాలా మర్యాదగా ఆలోచించారు.

"మీ జోకు బావుందండి. నాకూ నవ్వొచ్చింది. కానీ క్లాసని ఒప్పుకుని లేచిపోతే, సిగ్నల్ ఎవరడిగినట్టు?"

నేను ఆయనకి జ్యూస్ తేవడానికి మెట్లు దిగాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే బ్యాచ్‌లు వేరేవాళ్లకి ఇస్తానని ఓనర్ అన్నాడు, ఇచ్చాడు కూడా. సార్ రెండు వీధుల అవతల ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో, తక్కువ జీతానికి చేరారు. మేం మా జిరాక్సులు పట్టుకుని అక్కడికే వెళ్లాం. కట్టు విప్పాక మణికట్టు సరిగా తిరగలేదు. బోర్డు మీద ఆయన గీత ఎడమ కింద మొదలై కుడి పైకి ఎక్కిపోయేది. చదవాలంటే మేం మెడ ఎడమకి వాల్చాలి. ఆ తరవాత ఆయన దగ్గర చదివిన ప్రతి బ్యాచ్‌కీ ఈ అలవాటు పట్టుకుంది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాడు కంప్యూటర్ ముందు మెడ వాల్చాడంటే, ఎక్కడ నేర్చుకున్నావని నేను అడగక్కర్లేదు.

కొన్నాళ్లకి సిగ్నల్ వచ్చింది, చారలు కూడా గీశారు. ఎవరూ మా ధర్నాని తలుచుకోలేదు. సిగ్నల్ వచ్చిందిగా, ఇంకా ఎందుకండీ అని మేడమ్ కూడా అడిగారట. మేడమ్ అంటే సార్ భార్య, ఓ స్కూల్లో టీచరు. అది వేరే బగ్గు, అది మూసేశానుగా అన్నారట ఆయన. ఫిర్యాదుకి మాత్రం, అవసరమైనంత బలమే వాడారు అని జవాబొచ్చింది. సార్ చదివి, అనుకున్నదేంటి, అయిందేంటి అని కింద రెండు ముక్కలు రాసి వెనక్కి పంపారు. ఫైలు మూశారు, మళ్లీ తెరిపించారు. మళ్లీ మూశారు. ఎండిన మార్కరు సంగతి మీకు తెలుసు.

నిన్న సాయంత్రం పంజాగుట్ట సందులో ఉన్న సార్ వాళ్ల చర్చి హాల్లో ఆదరణ కూడిక, అంటే సంతాప సభ, జరిగింది. పాటలయ్యాయి, పాస్టర్‌గారి ప్రార్థన అయింది. సార్ పాటల్లో శ్రుతి కలిసేది కాదని, అయినా ఆపేవారు కాదని మేడమ్ చెబితే హాలంతా నవ్వింది. చివరికి ఆ మనిషి నా కంటే బాగా నవ్విస్తున్నాడు, అదీ ఫొటోలోంచి.

బయట టీ తాగుతుంటే మూడో వరస అమ్మాయి వచ్చి మెల్లగా చెప్పింది. వచ్చే నెల మళ్లీ విచారణ ఉంది. దెబ్బ తిన్న మనిషి లేరు గనక ఫిర్యాదు దానంతటదే మూతపడుతుందట. తను చూసిన మనిషి మాత్రమే. కొనసాగించాలంటే, ఆ దెబ్బ తనకి తగలాల్సిందని చెప్పగలిగినవాళ్లు ఎవరైనా రావాలి. నేను వీసాకి పెట్టుకున్నానని ఆమెకి తెలుసు. అందుకే నా మొహం చూడకుండా టీ కప్పులోకి చూస్తూ చెప్పింది.

"ఆ దెబ్బ నాది," అన్నాను.

"జోకా?"

"స్టేట్‌మెంట్."

ఆమె నా వైపు చూసింది. ఈసారి ఏ చూపో తేల్చుకోవడానికి టైముంది గానీ, మేడమ్ పిలుస్తుంటే లోపలికి వెళ్లాం.

వేదిక మీద సార్ ఫొటోతో కట్టిన ఫ్లెక్సీ ఒకవైపు తాడు జారి, కుడివైపు పైకి లేచి ఉంది. ఆయన పేరు, కింద వాక్యం, అన్నీ ఏటవాలుగా పైకి ఎక్కుతున్నాయి. టెంట్‌హౌస్ అతను సరిచేయడానికి నిచ్చెన తెచ్చి వేశాడు. రెండు మెట్లెక్కి, ఎంత దించాలో అడుగుదామని మా వైపు తిరిగాడు. హాలు నిండా బ్యాచ్‌లకి బ్యాచ్‌లు, అందరి మెడలూ ఎడమకి వాలి ఉన్నాయి. అతను కాసేపు మమ్మల్ని చూశాడు. తనూ మెడ కాస్త వాల్చి ఫ్లెక్సీ వైపు చూశాడు. తర్వాత నిచ్చెన దిగి, దాన్ని మడిచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.