మైకులో పిలవని ఊరు

మొన్న వీధిలో ఎవరో మంట మీద డప్పు కాస్తుంటే, ఆ తోలు వాసనకి చిన్నప్పటి భవానీపురం ఉరుసు గుర్తొచ్చింది. ఆ ఏడు హైదరాబాదు నుంచి సిద్దీలు మర్ఫా డోళ్ళు వాయించడానికి వచ్చారు. వాళ్ళలో ఒక ముసలాయన మంట దగ్గర డోలు కాచుకుంటున్నాడు.

"మీదే ఊరు తాతా?" అని అడిగాను.

"హైదరాబాదే బేటీ. మా తాతలు నైజాం నవాబు దగ్గర గుర్రపు సిపాయిలు. వాళ్ళ పెద్దల్ని ఆఫ్రికా నుంచి ఓడలో పట్టుకొచ్చారంట. అక్కడ మా ఊరేదో ఎవరికీ తెలీదు."

ఉరుసులో తప్పిపోయిన పిల్లల్ని మైకులో చెప్పి ఇంటివాళ్ళకి అప్పగిస్తారు. ఈయన్నీ అలాగే చేర్చవచ్చనుకుని, చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఈ తాత వాళ్ళు తప్పిపోయారండీ. మైకులో చెప్పండి."

"ఏ ఊరో తెలీకుండా ఎవర్నని పిలవనే?" అని మైకతను నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు. "ఊరొద్దులే భాయ్. సిద్దీలం ఇక్కడున్నామని ఒక్కసారి చెప్పు, చాలు," అన్నాడు.

మైకతను ఆ మాట చెప్పలేదు. పామర్రు నుంచి వచ్చి తప్పిపోయిన పిల్లాడి పేరు చెప్పాడు. వాడి తల్లి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ముసలాయన ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు.

ఆయన పెద్దల కోసం కూడా సముద్రం ఒడ్డున ఏ తల్లో అలాగే పరిగెత్తి ఉంటుందని ఆ వయసులో నాకు తట్టలేదు.