ఎర్ర నూలు నడిచిన రోజు

మా మేనమామ నిద్రలోనే పోయారని పదిహేను రోజుల కిందట అత్తమ్మ ఫోను చేసింది. ఏడ్చాను. కానీ మూడేళ్ల కిందటే పోవాల్సిన మనిషి. ఆ మూడేళ్లూ మాకు కొసరుగా దక్కాయి.

భివండి శాంతి నగర్‌లో మామకు ఆరు మరమగ్గాలు, మా వాళ్ల మాటలో సాంచాలు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె చిల్లికి నోరు ఆనించి పోగును పీల్చి లాగడం అక్కడ అందరికీ అలవాటే. చీరలకు ఎర్ర నూలు పెట్టినప్పుడు ఉమ్మి కూడా ఎర్రగా ఉండేది. అందుకే మూడేళ్ల కిందట ఆ రోజు మామ సాంచా పక్కన ఎర్రగా కక్కితే ఎవరూ బెదరలేదు. "రంగే, ఏం గాదు" అని ఆయనే నీళ్లు చల్లారు. రెండోసారి కక్కి కూలబడ్డాకే అది నెత్తురని తెలిసింది.

ముంబై ఆసుపత్రిలో మరాఠీ, హిందీ మాట్లాడడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. పాత కామెర్లతో కాలేయం గట్టిపడి, కడుపులో రక్తనాళాలు ఉబ్బి, ఒకటి పగిలిందన్నారు. నోట్లోంచి గొట్టం దించి మందు వేసినా మళ్లీ రక్తం పడింది. అప్పుడు డాక్టరమ్మ కొత్త పద్ధతి చెప్పింది. గొట్టం కొసన సోనోగ్రఫీ ఉంటుంది, కడుపు గోడ వెనకున్న నాళం కూడా కనబడుతుంది. నాళం మూసుకుపోయేలా సూదితో అందులోకే జిగురు ఎక్కించి, రక్తం ఆగిందో లేదో అక్కడే చూస్తారు. ప్రాణాపాయమూ లేకపోలేదు.

అత్తమ్మ వద్దంది. మామ నన్ను అడిగారు: "జిగురు వెట్టినంక ఆగిందో లేదో కనవడ్తదంటున్నదా?"

అవునన్నాను.

"గట్లయితె చేయించుకుంట. సూడకుంట రంగు అన్నది నేను. ఆమె సూసి చేస్తనంటున్నది గద."

జిగురు ఎక్కించారు, రక్తం ఆగింది. మూడో రోజు గంజి తాగి, "ఉప్పేది?" అని అత్తమ్మ మీద విసుక్కున్నారు. ఆ విసుగుకు నాకు కలిగినంత సంతోషం నా పెళ్లప్పుడు కూడా కలగలేదు.

ఇంటికొచ్చాక పోగు లాగడానికి అందరికీ కొక్కేలు కొనిచ్చారు. ఒక్కరూ వాడలేదు. ఆయనా వాడలేదు, అది వేరే సంగతి. చివరికి నల్లా దగ్గర తెల్ల గిన్నె పెట్టారు. "ఎర్ర నూలు నడిచిన దినం మూడుసార్లు పుక్కిలించుండ్రి. గప్పటికీ ఎర్రగనే వస్తె దాచకుండ్రి, దవాఖానకు పోదాం" అనేవారు. కార్మికులు నవ్వేవారు. నవ్వుతూనే పుక్కిలించేవారు.

మామ పోయాక మూసిన షెడ్డును నిన్న మళ్లీ తెరిచారు. సాంచాల మీద ఎర్ర నూలు. షిఫ్టు ముగిశాక ఒక్కొక్కరే నల్లా దగ్గర పుక్కిలించి, గిన్నెలోకి వంగి చూసుకున్నారు. ఆఖరి మనిషి గిన్నెను కిటికీ వెలుగులోకి జరిపి, "తెల్లగనే ఉన్నది వదినా" అన్నాడు. అత్తమ్మ లేచి వెళ్లి, తనూ వంగి చూసింది.