ముగ్గురికి మూడు భక్ష్యాలు

ఆదోని బజారులో పెద్ద పెనం మీద నెయ్యి వేసి భక్ష్యాలు కాలుస్తుంటే, పత్తి మిల్లుల దుమ్మునూ ఆటోల పొగనూ తోసుకొని ఆ బెల్లం వాసన తగిలిందంటే చాలు, నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి, కోసిగి దగ్గరి మా ఊళ్లో అవ్వ చేసిన ఒక క్రిస్మస్ కళ్ల ముందుకొస్తుంది.

పత్తి ఏరి ఏరి వేళ్లు పగిలే ఆ చలిరోజుల్లో, వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టుకున్నాక, జొన్నరొట్టె తప్ప ఎరగని మా ఇంట్లో భక్ష్యాలకు శనగబేడలు ఉడికేవి, పూర్ణం రుబ్బే రోటి చుట్టూ పిల్లలం ఈగల్లా ముసిరేవాళ్లం. ఆ ఏడు మాత్రం అవ్వకు పండగ రుచించలేదు. ముసలితనంలో యేసును నమ్ముకున్న మనిషి. బాప్తిస్మం ఇంకా కాలేదు. "దేవుడు ఒక్కడా, ముగ్గురా?" అని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడల్లా తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని వేళ్లు మడిచి "ముగ్గురు" అనేది. "ఒక్కడేనవ్వా, ఇంకొంచెం నేర్చుకో" అని ఆయన వెనక్కి పంపేవారు. పండగ మర్నాడే మిరపకోతకు గుంటూరు లారీ ఎక్కాలి. "దేశంకాని దేశంలో సస్తే నన్ను ఏ దేవుని మనిషని పూడుస్తారప్పా?" అని అవ్వ మా నాయన దగ్గర ఏడ్చింది.

పండగనాడు అయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తొలి వంట దేవునికి తీసిపెట్టే పాత అలవాటు అవ్వకు పోలేదు. గూట్లో ఆకు మీద మూడు భక్ష్యాలు! "సచ్చిందిరా గొర్రె" అని మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇవెవరికవ్వా?" అన్నారు అయ్యగారు.

"తండ్రికొకటి, కొడుక్కొకటి, ఆత్మకొకటి."

"దేవుడొక్కడేనని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ముందు ఒకటే పెట్టినాను అయ్యగారూ. మళ్లా బయమైంది. ఒకటే ఉంటే నువ్వు తిను, నువ్వు తిను అనుకుంటా ముగ్గురూ పస్తుంటారు కదా! మా ఇంట్లో దినామూ అట్లనే అయితాంది."

అయ్యగారు చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశారు. తర్వాత, "లారీ ఎప్పుడొస్తుంది?" అని మా నాయనను అడిగి, పొద్దు పొడవగానే అవ్వను కాలువ దగ్గరికి తీసుకురమ్మన్నారు. చలికి గడగడ వణుకుతూ, నవ్వుతూ మునిగి లేచిన అవ్వ తడిచీరతోనే లారీ ఎక్కేసింది.

ఆ గూడూ రోలూ పోయాయి, అవ్వా పోయింది. ఇప్పుడు క్రిస్మస్‌కు భక్ష్యాలు డబ్బాలకు డబ్బాలు కొనుక్కొస్తాను. ఎవరి పళ్లెంలో వాళ్లకు కావలసినన్ని. మొన్న నా కూతురు, "ముగ్గురు కలిసి ఒక్క దేవుడెట్లా అవుతారమ్మా?" అని అడిగింది. చెప్పడానికి నోరు తెరిచి చుట్టూ చూశాను. మా ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా "నువ్వు తిను" అని ఎన్నాళ్లయిందో!