అటు తిరిగి కూసోని బౌలింగ్ నేర్పిన యాడి

మా చిన్నప్పుడు... తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న దినాలు. బడి బందు, బస్సులు బందు. మా నెల్లికుదురు రోడ్డు మీద పట్టపగలే కుక్కలు కాళ్లు సాపుకోని పండుకునేటియి. నేనొక్కదాన్నే బడి గ్రౌండుల గోడకు బాల్ ఏసుకుంట ఉండేదాన్ని. గప్పుడు నాది తొమ్మిదో తరగతి.

నాకు ఒకటే పరేషాన్. నాది బట్ట బౌలింగ్ అట... అంటే మోచెయ్యి మడిచి విసిరేస్తనట. బడి తెరవంగనే జిల్లా ఆడపిల్లల టీముకు సెలక్షన్లు. చెయ్యి సక్కగ రాకుంటే నీ పేరే రాయనని పీఈటీ సారు మొకం మీదనే చెప్పిండు. సరే నేర్పుండ్రి సార్ అంటే, ఆయన పొద్దుందాక సమ్మె టెంటులనే ఉండె. మా అన్నను అడిగితే, ఆడపిల్లకు బౌలింగ్ ఎందుకే అని పండ్లు ఇకిలించిండు. నాకు మండింది... వాని బ్యాటు తీస్కపోయి గడ్డివాముల దాసిపెట్టిన. మూడు దినాలు ఎతుకున్నడు. మంచిగైంది!

గప్పుడు దొరికింది నాకు కోచ్...

గ్రౌండు పక్కనే పోలీస్ ఠాణా. లంబాడోళ్ల తండా నుంచి ఒక ముసలామె రోజూ ఠాణాకు నడుసుకుంట వచ్చేది. తండాల అమ్మను యాడి అంటరు, మేం గూడ ఆమెను గట్లనే పిలిచేటోళ్లం. ఆమె కొడుకు శంకర్ ఏడాది కింద తెలంగాణ మీటింగుకని హైదరాబాద్ పోయి మల్ల రాలె. ఉన్నడో లేడో ఎవరికీ ఎరుక లేదు. యాడి పొద్దుగాల్నే వచ్చి ఠాణాల అడిగేది. ఇంక ఏం తెల్వలేదమ్మా అనేటోళ్లు. ఎనక్కి పోయేముందు మా గ్రౌండు అరుగు మీద జరసేపు కూసునేది. ఆమె ఎనుక ఒక ఎర్రకుక్క ఉండేది, శంకర్ పెంచిన కుక్క.

ఒకనాడు నేను బాల్ ఏస్తుంటే లేసి వచ్చింది. ఒక పత్తికట్టె ఇరిసి, పాతగుడ్డతోని నా మోచేతికి కట్టింది. చెయ్యి మడిస్తే కట్టె గుచ్చుకుంటది. చెయ్యి చెవికి తగులుకుంట రావాలని తిప్పి చూపిచ్చింది. ఈమెకు ఎట్ల ఎరుక అనుకున్న... శంకర్ పదేండ్లు చెలకల బౌలింగ్ చేసిండట. పోయిన బాల్‌లన్ని ఎతికి తెచ్చిచ్చింది ఈమెనేనట.

కని ఆమె నేర్పుడే వేరేతీరు ఉండె. నన్ను ఉరకమని చెప్పి, తాను అటు తిరిగి కూసోని కండ్లు మూసుకునేది. నా అడుగుల సప్పుడే వినేది. ఏక్, ది, తీన్... అని వాళ్ల భాషల లెక్కబెట్టేది. తొమ్మిదో అడుగు పొట్టిగైంది అనేది... చూడకుంటనే! నాకు పెయ్యి మీది ఎంటికలు లేసి నిలబడేటియి. అయినా తెల్లారంగనే ఉరికేదాన్ని. ఎందుకంటే నా చెయ్యి సక్కగైతుండె.

వారం తర్వాత ఒక జత బూట్లు తెచ్చింది. శంకర్‌వి.

"చెప్పుల సప్పుడు మంచిగ లేదు. గివి తొడుక్కో బేటా" అన్నది.

ఉర్దూ మాట్లాడే మా పక్కింటి ఖాలా గూడ ఆడపిల్లలను బేటా అనే పిలుస్తది. నన్ను గంత ప్రేమగ పిలిచిందని మురిసిన. బూట్లల్ల గుడ్డపీలికలు కుక్కి ఉరికిన. పదకొండు అడుగులు... బాల్ పోయి సక్కగ వికెట్ కట్టెకు తాకింది. పండుకున్న ఎర్రకుక్క లేసింది. వచ్చి నా కాళ్లు వాసన చూసి, సన్నగ మూలుక్కుంట నా పక్కనే కూసుంది. యాడి మాత్రం తిరగలె. మల్ల ఉరుకుమన్నది... మల్ల... మల్ల... ఎండ నెత్తి మీదికొచ్చింది. ఊర్ల ఇంకో సప్పుడు లేదు, ఆ బూట్ల సప్పుడే. అవి నా అడుగుల తీర్గనే లేకుండె.

గా సాయంత్రం అనిత వచ్చింది. అనిత మా క్లాసే, యాడి వాళ్ల తండానే. యాడి ఇయ్యాల ఠాణాకు పోలేదట. ఇంక పోనని, కొడుకు వచ్చిండు, గ్రౌండుల ఉరుకుతున్నడని తండంత చెప్తుందట. నేను నవ్విన. ఉరికేది నేనే కదనే, నన్ను బేటా అంటది గద అన్న.

అనిత నవ్వలె. "మా భాషల ఆడపిల్లంటే బేటీ. బేటా అంటే కొడుకేనే" అన్నది.

గా రాత్రి బువ్వ పోలె. తెల్లారి చెప్పేద్దామనే పోయిన. యాడి అప్పటికే అటు తిరిగి కూసోని ఉంది. పక్కన గిన్నెల జొన్నరొట్టె... కొడుకు కోసం. నేను శంకర్‌ను కాదు యాడీ అనే మాట నోటిదాక వచ్చింది. కని చెప్తే ఆమె లేసి ఠాణాకు పోతది. సెలక్షన్ల దాక నాకు అడుగులు లెక్కబెట్టేదెవరు?

నా బూట్ల సప్పుడు విని, తిరగకుంటనే అడిగింది. "బేటా?"

"ఊఁ..." అన్న. గొంతు లావు చేసి.

సెలక్ట్ అయిన. రెండేండ్లు జిల్లాకు ఆడిన. జిల్లా ఆటలకు పోయి నేను వరంగల్ నుంచి వచ్చేసరికి యాడి ఊర్ల లేదు, కూలి పనికి పోతున్న ఆమె బిడ్డ తనెంట పూణే తీస్కపోయిందట. తర్వాత తెలంగాణ వచ్చింది. ఊరంత గులాల్ చల్లుకున్నం, నేను గూడ ఎగిరిన. శంకర్ ఏమైండో మాత్రం గిప్పటిదాక తెల్వలె.

గిప్పుడు పట్నంల గల్లీకో కోచింగ్ సెంటర్. పిల్లలు ఫోన్ల చూసి నేర్సుకుంటున్నరు, మంచిదే. మీకు ఆట నేర్పినోళ్లు ఎవరో జర కింద రాయుండ్రి... కని వాళ్లకు చెప్పకుంట దాసిన మాట ఏదన్న ఉంటే, ముందు పోయి గది చెప్పి రాండ్రి.

శంకర్ ఏడున్నడని అడిగే మనిషి ఈ లోకంల ఒక్కతే ఉండె. ఆమె అడుగుడు నేనే ఆపిన.